ఇంటి టీవీకి ఇంటర్నెట్టు స్టిక్కు: కొనే ముందు అడగవలసిన నాలుగు మాటలు

(మన సంఘం సభ్యులు, వారి కుటుంబసభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "మీరూ ఏదైనా మాట్లాడల్ల సార్" అన్నప్పుడు నేను కరువు భత్యం బకాయిల మీద మాట్లాడదామనుకున్నాను. "దానికి పదిమంది సిద్ధంగా ఉన్నారు, మీరు ఆ టీవీ సంగతి చెప్పండి" అన్నారాయన. ఈ ఏడాదిలో మన సభ్యులు ఆరేడుగురు నన్ను ఇదే అడిగారు. "పిల్లోడు టీవీకి ఏదో స్టిక్కు తగిలించుకోమంటున్నాడు, ఏది కొనాల?" అని. నేను ఇంజనీరును కాను. 1972లో తాలూకా ఆఫీసులో లోయర్ డివిజన్ గుమస్తాగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. మూడు కొటేషన్లు పిలవడం, పక్కపక్కన పెట్టి పోల్చడం, రేపు ఆడిట్ వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో ఈరోజే రాసి పెట్టుకోవడం, ఇవీ నాకు తెలిసిన విద్యలు. ఆ విద్య ఉండి కూడా ఈ విషయంలో నేను మోసపోయాను. ఆ కథ కూడా చెప్తాను. ఇంట్లో మూడు వారాలు దాచిన కథ అది. ఇవాళ మీ అందరి ముందూ చెప్తున్నాను.

ముందు ఒక పాత సంగతి. మన జిల్లాకు టీవీ ఎప్పుడు వచ్చిందని అడిగితే చాలామంది రామాయణం సీరియల్ పేరు చెప్తారు. అంటే 1987. నిజానికి అంతకు పన్నెండేళ్ళ ముందే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, సరిగ్గా ఒక్క ఏడాది, ఉపగ్రహం ద్వారా పల్లెలకు నేరుగా టీవీ చూపించే ప్రయోగం జరిగింది. సైట్ అని పిలిచేవారు. ఉపగ్రహం అమెరికా నాసా వాళ్ళది, ఏ.టి.ఎస్.-6. పని మన ఇస్రోవాళ్ళది, దూరదర్శన్‌ది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు ఎంచుకుంటే అందులో మన కర్నూలు జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. నేను అప్పుడు కుర్రగుమస్తాను. జమాబందీ పని మీద ఒక పల్లెకు పోతే, బడి కాడ కోళ్ళగూటికి కట్టే వలలాంటి తీగతో చేసిన పెద్ద గొడుగు ఒకటి ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. లోపల నలుపు తెలుపు పెట్టె. సాయంత్రమైతే ఊరంతా నేల మీద కూర్చునేది. జొన్న విత్తనాల గురించీ పశువుల గురించీ తెలుగులో చెప్తుంటే ముసలివాళ్ళు టీవీలోని మనిషికి జవాబు చెప్పేవాళ్ళు.

ఏడాది కాగానే అమెరికావాళ్ళు తమ ఉపగ్రహాన్ని తమ వైపు జరుపుకున్నారు. మరుసటి సంవత్సరం నేను అదే ఊరికి పోతే పెట్టె బడిలోనే, బీరువా పక్కన, గుడ్డ కప్పుకుని ఉంది. పెట్టె చెడిపోలేదు. పెట్టెకు పై నుంచి రావలసింది ఆగిపోయింది. అయ్యా, నేను ఇవాళ చెప్పదలచుకున్న మాటకు మూలం ఆ గుడ్డ కప్పిన పెట్టే. అంగట్లో కొనుక్కునేది మనది. దానికి వచ్చే బొమ్మ మనది కాదు. అందుకని పెట్టె ఎంత గొప్పదని కాక, దాన్ని మనంతట మనం నడపగలమా, వద్దనుకున్ననాడు వదిలించుకోగలమా అని చూడండి.

నడుమ సంగతులు మీకు తెలిసినవే. మిద్దె మీద యాంటెన్నా తిప్పడం, కింది నుంచి "వచ్చింది, వచ్చింది, పాయె" అని అరవడం. తర్వాత కేబుల్ వైరు. 1995లో తెలుగు ప్రైవేటు చానెళ్ళు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో మునిగిన వస్తువుల జాబితాలో మొదటి పేరు టీవీయే. ఆ డబ్బా టీవీ పోయి బల్లపరుపు టీవీ వచ్చింది. తర్వాత సెట్‌టాప్ బాక్సు అంటించుకోక తప్పలేదు. మన రాష్ట్రంలో 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, టీవీ, ఇంటర్నెట్టు, టెలిఫోను మూడూ కలిపి నెలకు రూ. 149/- తో మొదలుపెట్టారు. ధర తర్వాత పెరిగిందనుకోండి. కానీ పల్లెలో ఇంటర్నెట్టు అన్నమాట చాలామంది విన్నది ఆ తీగతోనే.

ఇప్పుడు విషయానికి వస్తాను. ఈ స్టిక్కు అంటే ఏమిటి? అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. మా ఇంటావిడ దాన్ని "పుల్ల" అంటుంది. టీవీ వెనక హెచ్.డి.ఎం.ఐ. అనే బెజ్జంలో గుచ్చితే, ఇంట్లోని వైఫై ద్వారా ఇంటర్నెట్టు నుంచి బొమ్మను తెచ్చి టీవీలో చూపిస్తుంది. అంతే. యూట్యూబు, సినిమాలు, వార్తలు, తిరుమల ప్రత్యక్ష ప్రసారం, అన్నీ ఆ దారినే వస్తాయి. ఈ జాతికి పెద్దది అమెరికాలోని రోకు. 2008లో మొదటి పెట్టె అమ్మింది. రోకు అంటే జపాను భాషలో ఆరు. పెట్టినాయనకు అది ఆరో కంపెనీ అట. తర్వాత 2013లో గూగుల్ వాళ్ళ క్రోమ్‌కాస్ట్ వచ్చింది. మన దేశంలో అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్కు 2017 ఏప్రిల్‌లో, షావొమీ వాళ్ళ స్టిక్కు 2020లో వచ్చాయి.

మొదట అడగవలసిన మాట: అసలు కొనాలా? నన్ను అడిగిన ఆరేడుగురిలో ముగ్గురికి అవసరమే లేదు. వాళ్ళ ఇంట్లో ఉన్నది స్మార్ట్ టీవీయే. కొడుకు కొనిచ్చి పోయాడు, వీళ్ళు కేబుల్ పెట్టుకుని చూస్తున్నారు. రిమోటు మీద యూట్యూబు అనో నెట్‌ఫ్లిక్స్ అనో బొత్తాం ఉంటే మీది స్మార్ట్ టీవీ. వైఫై కలిపితే చాలు. ఒకాయన కడప నుంచి ఫోను చేసి "స్టిక్కు ఆర్డరు పెట్టేశాను" అంటే, రిమోటు చదవమన్నాను. చదివి, కాసేపు మౌనంగా ఉండి, "రద్దు చేసేది ఎట్లా సార్?" అన్నాడు. స్మార్ట్ టీవీ అయినా కొని ఆరేడేళ్ళయి, మందగించి, యాప్‌లు తెరుచుకోక మొరాయిస్తుంటే మాత్రం టీవీ మార్చకుండా స్టిక్కు తగిలించడం మంచి పని. పాత డబ్బా టీవీ ఉంటే, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు తప్ప వేరే బెజ్జం లేకపోతే, స్టిక్కు జోలికి పోవద్దు. మార్పిడి తీగలు దొరుకుతాయి కానీ అక్షరాలు చీమల్లా కనబడతాయి. మన కళ్ళకు అది పని కాదు. కొత్త టీవీయే కొనేమాటయితే, 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిందని గుర్తుపెట్టుకుని బేరమాడండి.

పల్లెలో ఉండి, ఇంటర్నెట్టు తీగ రాని సభ్యులకు ఒక మాట. దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ 2004 నుంచి ఉంది. గొడుగు, పెట్టె ఒకసారి కొంటే నెలనెలా కట్టేది లేదు. తెలుగు చానెళ్ళు తక్కువే. అయినా సప్తగిరి వార్తలు చూసి పడుకునేవాళ్ళకు స్టిక్కుతో పనేముంది?

రెండో మాట: ఇంట్లోకి ఇంటర్నెట్టు ఎట్లా వస్తోంది? "నా ఫోనులో ఉంది కదా" అంటారు. లెక్క చూడండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళే చెప్పే లెక్క ప్రకారం మంచి నాణ్యతతో ఒక గంట చూస్తే మూడు జీబీ దాకా ఖర్చవుతుంది. మన ఫోను ప్లాను రోజుకు ఒకటిన్నర జీబీ. అంటే అరగంట. మాయాబజార్ పెడితే మొదటి పాటలు కాగానే ఆగిపోతుంది. కనుక తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండు ఉండాలి. వేగం పెద్దగా అక్కర్లేదు. ఒక టీవీకి 5 ఎం.బి.పి.ఎస్. నిలకడగా వస్తే చాలని వాళ్ళ లెక్కే చెబుతుంది. వందలూ రెండు వందలూ అని అమ్మజూపితే ఇద్దరు ముసలివాళ్ళకు ఎందుకని అడగండి. నెలకు నాలుగైదు వందల ప్లాను అంటారు, దాని మీద 18 శాతం జి.ఎస్.టి. వేరేగా పడుతుంది. ప్రకటనలో అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన పాత మెమోల్లో షరతులు ఉన్నట్టు.

ఇంకొకటి మన ప్రాంతానికి సంబంధించినది. మా పాత ఇల్లు రాతిగోడల ఇల్లు. మూరెడు మందం, పైన బండల కప్పు. ఎండాకాలం చల్లగా ఉంటుంది కానీ వైఫై ఆ గోడ దాటదు. ముందు గదిలో వైఫై పెట్టె, నడింట్లో టీవీ. బొమ్మ గుండ్రంగా తిరుగుతా ఉండేది. కంపెనీవాడు "స్టిక్కు మార్చండి" అన్నాడు. మార్చవలసింది స్టిక్కు కాదు, వైఫై పెట్టెను టీవీ ఉన్న గదిలోకి. తీగ లాగడానికి రెండు వందలయింది. వైఫైలో 2.4 అనీ 5 అనీ రెండు పేర్లు కనబడితే, గోడ అడ్డముంటే 2.4 పెట్టుకోండి. వేగం తక్కువైనా గోడ దూరుతుంది. స్టిక్కుకు కరెంటు టీవీ వెనక యు.ఎస్.బి. బెజ్జంలో నుంచి ఇవ్వద్దు. చాలదు, మాటిమాటికీ ఆరిపోయి వెలుగుతుంది. పెట్టెలో ఇచ్చిన ప్లగ్గునే గోడకు పెట్టండి. ఇది చిన్న విషయమే కానీ మన సభ్యుడొకాయన దీనివల్ల రెండుసార్లు స్టిక్కు వాపసు పంపాడు.

మూడో మాట: ఏ స్టిక్కు? ఫైర్ టీవీదీ గూగుల్ టీవీ రకానివీ మూడు వేల నుంచి ఆరు వేల లోపల ఉంటాయి. ఆపిల్ వాళ్ళది పదిహేను వేల దాకా. నా అభిప్రాయం అడిగితే ఆ పదిహేను వేలు మోకాళ్ళ వైద్యానికి దాచుకోండి. మొదటి రెండింటిలో ఏదైనా మనకు సరిపోతుంది. టీవీ నాలుగు కె కాకపోతే నాలుగు కె స్టిక్కు దండగ. మీ ఫైబరు కంపెనీ తానే పెట్టె ఇస్తుంటే ముందు దాన్ని చూడండి. ఒకే రిమోటు, ఒకే బిల్లు, చెడిపోతే తిట్టడానికి ఒకే మనిషి.

అమెరికా నుంచి పిల్లలు సెలవులకు వస్తూ రోకు తెస్తామంటే వద్దనండి. అది మన దేశంలో అమ్మేది కాదు. అక్కడి ఖాతాతో ముడిపడి ఉంటుంది, ఇక్కడి యాప్‌లు కొన్ని అందులో కనబడవు, చెడిపోతే ఇక్కడ దిక్కు లేదు. బజారులో "అన్ని చానెళ్ళూ, అన్ని సినిమాలూ జీవితాంతం ఉచితం" అని పేరూ ఊరూ లేని పెట్టెలు అమ్ముతారు. వాటి దగ్గరికే పోవద్దు. అలాంటి పెట్టెల్లో దొంగ ప్రోగ్రాములు ముందే కూర్చుని ఉంటున్నాయనీ, ఇంట్లోని ఇంటర్నెట్టును దొంగలు వాడుకుంటున్నారనీ అమెరికా ఎఫ్.బి.ఐ. 2025 జూన్‌లో హెచ్చరిక ఇచ్చింది.

పేరున్న కంపెనీది కొన్నా, ఆ బడిలో గుడ్డ కప్పిన పెట్టెను మాత్రం మరవకండి. గూగుల్ వాళ్ళు 2024 ఆగస్టులో క్రోమ్‌కాస్ట్ తయారీ మానేస్తున్నామన్నారు. 2025 మార్చిలో ఒకరోజు ప్రపంచమంతటా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఉన్నట్టుండి పనిచేయలేదు. లోపలి ధ్రువపత్రం ఒకటి గడువు తీరిందట. మన లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వకపోతే పింఛను ఆగినట్టు. కొన్ని రోజులకు సరిచేశారు. అందుకే స్టిక్కు మూడు నాలుగేళ్ళ వస్తువు అనుకుని కొనండి, ముప్పై ఏళ్ళ గాడ్రెజ్ బీరువా అనుకోవద్దు.

నాలుగో మాట దగ్గరే నేను దెబ్బతిన్నాను. కాస్త నిదానంగా చెప్తాను.

మా అబ్బాయి బెంగుళూరులో ఉంటాడు. స్టిక్కు పంపించి, "ఆదివారం వీడియో కాల్‌లో కలిపిస్తాను నాన్నా" అన్నాడు. అది గురువారం. మా ఇంటావిడకు మోకాళ్ళు అరిగి గుడికి పోవడం మానుకుని రెండేళ్ళయింది. తిరుమలలో బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. ఫోనులో అరచేతి బొమ్మలో గరుడసేవ చూసి కళ్ళు నులుముకుంటూ ఉంది. ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు నడిపినవాణ్ణి, ఒక పుల్ల గుచ్చలేనా అనుకున్నాను. గుచ్చాను. టీవీలో ఒక కోడు వచ్చింది, ఫోనులో ఈ కోడు కొట్టమంది. ఎక్కడ కొట్టాలో తెలియక ఫోనులో వెతికితే పైనే ఒక సహాయ కేంద్రం నంబరు కనబడింది. చేశాను.

అవతల కుర్రవాడు ఎంత మర్యాదస్తుడో! "నమస్తే అంకుల్‌జీ" అన్నాడు. కోడు అడిగాడు, చెప్పాను. "మీ పరికరం యాక్టివేట్ కాలేదు, లైఫ్‌టైమ్ యాక్టివేషన్‌కు రూ. 1,499/- అవుతుంది" అన్నాడు. నేను రసీదు వస్తుందా అని అడిగాను. చూశారా, గుమస్తా బుద్ధి! వస్తుందన్నాడు. ఫోను నుంచి కట్టేశాను. అప్పుడు, "ఇంకొక చిన్న యాప్ దించుకోండి, నేనే ఇక్కడి నుంచి అన్నీ సెట్ చేస్తాను, మీ ఫోను తెర నాకు కనబడుతుంది" అన్నాడు. నేను దించుకోబోతున్నాను. ఫోను స్పీకరులో ఉంది. మా ఇంటావిడ వంటింట్లో నుంచి సంగటికట్టె చేత్తో పట్టుకుని వచ్చి, "యాడుండేవాడో ఏమో, వానికి బీరువా తాళం ఇస్తావా?" అనింది. అంతే, ఫోను కట్ చేశాను. ఆ ఫోనులోనే నా పింఛను ఖాతా ఉంది. ఆమె ఇంగువ డబ్బా కోసం ఇంకో నిమిషం ఆలస్యం చేసి ఉంటే ఆ నెల పింఛనే కాదు, గ్రాట్యుటీలో మిగిలిన డిపాజిట్టు కూడా పోయేది.

మా అబ్బాయికి మూడు వారాలు చెప్పలేదు. ఆడిట్ అభ్యంతరాలకు పేజీలకు పేజీలు జవాబులు రాసినవాణ్ణి, ఒక కుర్రవాడి తియ్యని మాటకు పదిహేను వందలు పోసుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆలస్యంగా 1930కి ఫోను చేశాను. డబ్బు రాలేదు. వెంటనే చేసి ఉంటే ఆపే వీలుండేదట. సిగ్గుపడి దాచుకున్న ఆ మూడు వారాలే నా అసలు తప్పు. కనుక రాసుకోండి: 1930, సైబరు నేరాల సహాయ నంబరు. దేశమంతా ఒకటే. మోసం జరిగిన గంటలోపే చేయండి. కొడుకు ఏమనుకుంటాడో, కోడలు ఏమనుకుంటుందో తర్వాత చూసుకోవచ్చు. ఇంకోటి: స్టిక్కుకు యాక్టివేషన్ ఫీజు అన్నది లేదు. ఏ కంపెనీకీ లేదు. ఎవరడిగినా దొంగే. నంబరు ఫోనులో వెతక్కండి, పెట్టెలో ఇచ్చిన కాగితం మీద చూడండి. స్టిక్కును మీతో కూర్చుని కలిపే మనిషి వచ్చేదాకా పెట్టె తెరవకండి. ఆదివారం దాకా ఆగితే గరుడసేవ పోయేది, నిజమే. మళ్ళీ ఏడాది వచ్చేది.

డబ్బు కట్టే యాప్‌ల సంగతి కూడా దీనికిందికే వస్తుంది. నేను ఫుల్‌స్కేప్ కాగితం మీద రాసుకుని చూశాను. స్టిక్కు ఒక్కసారి ఖర్చు. చందాలు ప్రతి ఏటా. ఒక్కొక్కటి చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది, నాలుగు కలిపితే కేబుల్ బిల్లును మించుతుంది. పైగా షరతులు మారుతుంటాయి. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో మన దేశంలో ఒక ఇంటి ఖాతా ఇంకో ఇంట్లో వాడడం ఆపింది. బెంగుళూరు కొడుకు ఖాతాతో కర్నూలులో చూస్తామంటే కుదరదు. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి చందా కట్టినవాళ్ళకూ ప్రకటనలు వస్తున్నాయి. వద్దనుకుంటే ఏడాదికి ఇంకో రూ. 699/- అన్నారు. హాట్‌స్టార్ 2025 ఫిబ్రవరిలో జియోతో కలిసి పేరు మార్చుకుంది. తెలుగుకే అని 2020 ఉగాదికి ఆహా వచ్చింది. ఇవన్నీ ఒకేసారి తీసుకోవద్దు. ఒకటి తీసుకోండి, చూడవలసింది చూసి ఆపేయండి, అవసరమైతే ఇంకోటి.

ఆపేయడం అన్నారు కదా, అదే కష్టం. చందా తనంతట తానే ఖాతాలో కోసుకునే ఏర్పాటు ఒకటుంది. ఒకసారి ఒప్పుకుంటే ఏటేటా కోస్తూనే ఉంటుంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం అలా కోసే ఇరవై నాలుగు గంటల ముందు మీకు సందేశం రావాలి, వద్దనే అవకాశం ఇవ్వాలి. ఆ సందేశం ఇంగ్లీషులో వస్తుంది, మనం ప్రకటన అనుకుని చెరిపేస్తాం. నేను చేసినది చెప్తాను. పింఛను పడే ఖాతాకు టీవీకి సంబంధం తెంచేశాను. వేరే బ్యాంకులో చిన్న ఖాతా తెరిచి, అందులో రెండు వేలు మించకుండా పెట్టి, ఆ ఖాతానే ఈ యాప్‌లకు ఇచ్చాను. ఎవడు కోసుకున్నా అంతవరకే. పాత రోజుల్లో ఆఫీసులో చిల్లర ఖర్చులకు పర్మనెంట్ అడ్వాన్సు ఉండేది కదా, అట్లా.

నిజానికి చందా ఏదీ కట్టకుండానే మా ఇంట్లో ఆరు నెలలు గడిచాయి. యూట్యూబులోనే తిరుమల ఎస్.వి.బి.సి. చానెల్ ప్రత్యక్షంగా వస్తుంది. హరికథలు, పాత సినిమాలు ఎన్నో. మన కడప జిల్లా పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డిగారి మల్లీశ్వరి, 1951 నాటిది, మా ఇంటావిడ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న మొదటి తెలుగువాడు ఆయన. మనవళ్ళకు ఆ మాట చెప్పి చూపించాను. నలుపు తెలుపు అనేసరికి ఐదు నిమిషాలకే లేచిపోయారనుకోండి.

చెవి తగ్గినవాళ్ళకు ఒక ఉపాయం. మన వేదిక మీదే ఉన్నారు ఒక మిత్రులు, పేరు చెప్పను. ఆయన వార్తలు పెడితే మూడిళ్ళకు వినబడేది, కోడలు తలుపు వేసుకునేది. ఈ స్టిక్కులకు చెవిలో పెట్టుకునే బ్లూటూత్ యంత్రాన్ని తీగ లేకుండా కలపవచ్చు. ధ్వని ఆయన చెవికే పోతుంది. ఇప్పుడు ఆ ఇంట్లో శాంతి. సినిమాల కింద అక్షరాలు వచ్చేట్టు పెట్టుకునే వీలూ ఉంది. స్టిక్కు కొనడానికి ఇన్ని కారణాలు చెప్తారు గానీ, నాకు మాత్రం ఇదొక్కటే చాలనిపించింది.

ఇక రిమోటు. మాట చెప్పి వెతికే బొత్తాం ఉంటుంది. మా స్టిక్కు ఇంగ్లీషు, హిందీ బాగా వింటుంది. మన రాయలసీమ తెలుగు వినమంటే ఒక్కోసారి ఏ హిందీ పాటో పెడుతుంది. ఓపిక ఉండాలి. కానీ మనవాళ్ళ ఇళ్ళలో నూటికి తొంభై సార్లు టీవీ "చెడిపోయింది" అంటే చెడిపోలేదు. కేబుల్ పెట్టె ఒక బెజ్జంలో, స్టిక్కు ఇంకో బెజ్జంలో ఉంటాయి. ఏదో బొత్తాం తగిలి టీవీ తప్పు బెజ్జం వైపు చూస్తుంటుంది. "నో సిగ్నల్" అని వస్తుంది. టీవీ రిమోటులో సోర్స్ అనే బొత్తాం నొక్కి హెచ్.డి.ఎం.ఐ. 1 లేక 2 మార్చుకుంటే సరి. నేను లేనప్పుడు మా ఇంటావిడ ఇది తెలియక రెండు రోజులు చీకటి టీవీ ముందు కూర్చుంది. ఊరి నుంచి నేను వచ్చేదాకా ఎవరినీ అడగలేదు. ఆ రోజు నాకు బాధేసింది. రేపు నేను లేకపోతే ఈమె పరిస్థితి ఏమిటి అనిపించింది.

మరుసటి రోజే ఆమె చేత్తోనే అన్నీ చేయించాను. నేను రిమోటు ముట్టుకోలేదు. తప్పు నొక్కితే తప్పు నొక్కనిచ్చాను. వారం పట్టింది. పెద్ద అక్షరాలతో తెలుగులో ఆరు వరుసలు రాసి, టీవీ కింద అంటించాను. ఏది మొదట వెలిగించాల, ఏ బొత్తాం నొక్కాల, నో సిగ్నల్ వస్తే ఏం చేయాల, ఎవరు డబ్బులు అడిగినా ఇవ్వకూడదు, 1930, అబ్బాయి నంబరు. ఆమెకు అక్కర్లేని బొత్తాల మీద చిన్న తెల్ల కాగితం ముక్కలు అంటించాను. ఇప్పుడు పొద్దున సుప్రభాతం ఆమే పెట్టుకుంటుంది. నేను లేచేసరికి కాఫీ కూడా అయిపోయి ఉంటుంది.

కేబుల్ తీసేయాలా అని అడుగుతారు. నేనైతే మూడు నెలలు రెండూ ఉంచాను. కేబుల్ అబ్బాయి ఫోను చేస్తే సైకిలు మోటారు మీద వచ్చి నిలబడతాడు. ఇంటర్నెట్టు కంపెనీవాడికి ఫోను చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాడు. ఎనభై దాటి ఒంటరిగా ఉండేవాళ్ళు కేబుల్ తీయకపోవడమే మంచిదని నా సలహా. మేము నాలుగో నెలలో తీసేశాం. ఆ అబ్బాయి పండగ మామూలుకు మాత్రం ఇప్పటికీ వస్తాడు, ఇస్తున్నాం.

నేను చెప్పిన ఆ ఆరు వరుసల కాగితానికి నలభై జెరాక్సులు తీసుకొచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. కడపవాళ్ళు ముందు తీసుకోండి, బస్సుకు టైమవుతోంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని కలిపి పెట్టమంటే కర్నూలులో అయితే వస్తాను, ఫీజు లేదు, ఒక గ్లాసు మజ్జిగ చాలు. మా ఇంటావిడ రిమోటుకు రెండు చిన్న సెల్లులు తెమ్మని చెప్పి పంపింది. అంగడి మూసేలోగా పోవాలి. సెలవు.